అందరికీ నచ్చిన యాడ్‌కి ఫోన్లు రాలేదు, ఎవరికీ నచ్చనిదానికి వచ్చాయి. వీటిలో మంచి యాడ్ ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది ఇంటి సామాన్లు ప్యాక్ చేసి ఇంకో ఊరికి చేర్చే వ్యాపారం. రెండు యాడ్‌లు చేయించారు. మొదటిది నిమిషం వీడియో. ఖాళీ అయిన ఇంట్లో ఒక పాప, గోడ మీద తన ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతల్ని వేలితో తడుముతూ నిలబడుతుంది. వెనక సన్నగా సంగీతం, చివర్లో మీ లోగో. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు, బాగా షేర్ చేశారు, ఫోన్లు మాత్రం రాలేదు. రెండోది తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. అట్టలో చుట్టిన ఫ్రిజ్ ఫొటో, కింద "సామాను చేరేదాకా మీ ఫోన్ ఎత్తేది ఒకే మనిషి. ఆయన పేరు, నంబరు లారీ కదలకముందే మీ చేతికిస్తాం" అని రెండు వాక్యాలు. మీ పార్ట్‌నర్‌తో సహా అందరూ "ఇదేం యాడ్, కరపత్రంలా ఉంది" అన్నారు. ఫోన్లు దీనికే వచ్చాయి. అసలు మంచి యాడ్, చెడ్డ యాడ్ అని ఎలా చెప్పాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండోదే మంచి యాడ్. మొదటిది మంచి వీడియో.

నా లెక్కలో మంచి యాడ్ నాలుగు పనులు చేయాలి: అవసరమున్న మనిషికి పనికొచ్చే ఒక్క సంగతి చెప్పాలి, అది చెప్పిందెవరో గుర్తుండాలి, ఆ మాట నమ్మబుద్ధి కావాలి, తర్వాత ఏం చేయాలో తెలియాలి. అందం, నవ్వు, కన్నీళ్లు, సంగీతం అన్నీ ఈ పనుల కోసం వాడుకునే పనిముట్లు. ఇక చెప్పిన మాట నిజం కాకపోతే ఈ నాలుగూ కుదిరినా అది చెడ్డ యాడే. ఆ సంగతికి తర్వాత వస్తాను. నేను 22 ఏళ్లుగా కాపీ, అంటే యాడ్‌లలో ఉండే మాటలు, రాసి బతుకుతున్నవాణ్ని. అందులో సగం ఏళ్లు మీ పార్ట్‌నర్ లాగే ఆలోచించాను కాబట్టి ఆయన్ని తప్పుపట్టను.

ముందు మీ రెండో యాడ్ ఎందుకు పనిచేసిందో చూద్దాం. ఇల్లు మారేవాడి టెన్షన్ ఏమిటి? గాజు సామాను పగులుతుందేమోనని కొంత ఉంటుంది. అసలు భయం వేరే. లారీ వీధి మలుపు తిరిగాక తన సంసారం మొత్తం ఎవరి చేతిలో ఉందో తెలియదు. మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేస్తే డ్రైవర్ని కనుక్కోమంటారు. డ్రైవర్‌కి చేస్తే స్విచాఫ్. మళ్లీ ఆఫీసుకి చేస్తే నిన్న మాట్లాడినాయన ఇవాళ సెలవు. మీ రెండు వాక్యాలు సరిగ్గా అక్కడ పట్టుకున్నాయి. అందులో "పేరు" అన్న మాట వేశారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. "24 గంటల కస్టమర్ సపోర్ట్" అని రాసుంటే కన్ను దాని మీద నుంచి జారిపోయేది. ఒక మనిషి పేరు ఇస్తామనేసరికి, సామాను పోతే పట్టుకోడానికి ఒక కాలర్ దొరికినట్టు అనిపిస్తుంది.

అది బాగోలేదన్నవాళ్లలో ఈ నెల ఇల్లు మారేవాళ్లు ఎంతమందో అడిగారా? పంటినొప్పి లేనివాడికి పంటి డాక్టరు బోర్డు కనబడదు. నొప్పి మొదలైన రోజు దారిలో ఉన్న అన్ని బోర్డులూ కనబడతాయి. మీ స్నేహితులకు నొప్పి లేదు, అందుకని వాళ్లు అక్షరాల సైజు గురించి మాట్లాడారు.

ఇప్పుడు నా సిగ్గుచేటు సంగతి ఒకటి. నేను రాసిన మొదటి పెద్ద యాడ్ ఒక నీళ్ల మోటార్ల కంపెనీకి. ఒక ముసలాయన బావిలోకి తొంగిచూసి, నీళ్లలో తన నీడని వేరే మనిషి అనుకుని దానితో తగువు వేసుకుంటాడు. "దమ్ముంటే పైకి రారా" అంటాడు. వెనకాల కొడుకు మోటారు వేస్తాడు. పైపులోంచి నీళ్లు వచ్చి ముసలాయన మొహాన కొడతాయి. "వచ్చేశాడ్రోయ్" అని అరుస్తూ పరుగు. షూటింగ్‌లో లైట్ బాయ్‌లు కూడా నవ్వారు. క్లయింట్ నవ్వాడు. నేనైతే ఒక వారం నేల మీద నడవలేదు. ఆరు వారాల తర్వాత మోటార్లు అమ్మే షాపుల ముందు నిలబడి వచ్చినవాళ్లని అడిగాం. ముసలాయన యాడ్ గుర్తుందా అంటే చాలామంది నవ్వుతూ డైలాగ్ కూడా చెప్పారు. ఏ కంపెనీది అంటే మాత్రం ఎక్కువమంది చెప్పింది మార్కెట్లో అప్పటికే నంబర్ వన్‌గా ఉన్న పోటీ కంపెనీ పేరు. క్లయింట్ డబ్బుతో పోటీవాడికి యాడ్ చేసిపెట్టానన్నమాట.

ఎందుకలా జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. ఆ జోక్‌కి మా మోటారే అక్కర్లేదు, ఏ మోటారైనా సరిపోతుంది. పేరేమో నవ్వంతా అయిపోయాక, జనం రిమోట్ అందుకునే సమయానికి వచ్చింది. పేరు గుర్తురానప్పుడు మనిషి బుర్ర ఆ ఖాళీలో తనకి బాగా తెలిసిన పేరు పెట్టేస్తుంది. కొత్త కంపెనీలకి ఇది మరీ ప్రమాదం.

అప్పట్నుంచి ప్రతి యాడ్‌కీ నేను పెట్టే మొదటి పరీక్ష: పేరు మార్చి చూడండి. మీ యాడ్‌లో మీ పేరు తీసేసి పోటీవాడి పేరు పెట్టండి. ఎక్కడా ఏమీ తేడా రాకపోతే అది మీ యాడ్ కాదు. మీ పాప వీడియోకి ఈ పరీక్ష పెట్టండి. ఇంకో మూవర్స్ పేరు పెట్టినా, పెయింట్ కంపెనీ పేరు పెట్టినా, హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు పేరు పెట్టినా అతికినట్టు సరిపోతుంది.

"నాణ్యతకు మారుపేరు", "నమ్మకమే మా పునాది" లాంటి ట్యాగ్‌లైన్లన్నీ ఈ పరీక్షలోనే పోతాయి. నేనూ రాశాను అలాంటివి. ఒక వాటర్ ఫిల్టర్ కంపెనీకి "స్వచ్ఛతే మా శ్వాస" అని రాసిచ్చాను, వాళ్లకి బ్రహ్మాండంగా నచ్చింది. అమ్మకాలు కదల్లేదు. ఏం చేయాలో తోచక వాళ్ల సర్వీస్ మెకానిక్ బండి వెనక కూర్చుని రెండు రోజులు ఇళ్లు తిరిగాను. మూడో ఇంట్లో ఒక పెద్దావిడ తలుపు తీసి, "నువ్వొచ్చేదాకా ఎందుకని నేనే మార్చేశాను బాబూ" అంది. ఆ మిషన్ కింద ఫిల్టర్ డబ్బా సీసా మూతలా తిప్పితే ఊడొస్తుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మెకానిక్‌కి ఇది ఎప్పటి నుంచో తెలుసు. కంపెనీ ఇంజినీర్లకీ తెలుసు, కానీ వాళ్లకి అదో విశేషమే కాదు. వాళ్ల గర్వమంతా లోపలున్న ఎనిమిది దశల శుద్ధి మీద. మేం హెడ్‌లైన్ మార్చాం: "ఫిల్టర్ మార్చడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. సీసా మూతలా తిప్పండి." ఫొటోలో డబ్బా తిప్పుతున్న ముసలి చెయ్యి, అంతే. ఎంక్వయిరీలు మొదలయ్యాయి. ఆ లైన్ నా తెలివి కాదు, ఆవిడ వంటగదిలోంచి ఎత్తుకొచ్చింది.

పెద్దవాళ్లు చేసింది కూడా ఇదే. యాడ్‌లు రాయడంలో పేరుమోసిన డేవిడ్ ఓగిల్వీ 1958లో రోల్స్ రాయిస్ కారుకి రాసిన యాడ్ గురించి మా వృత్తిలో అందరూ చెప్పుకుంటారు. గంటకి 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినబడే పెద్ద శబ్దం ఎలక్ట్రిక్ గడియారానిది అన్నది హెడ్‌లైన్. అది ఓగిల్వీ ఊహించి రాసింది కాదు. ఆయన మూడు వారాలు ఆ కారు గురించి దొరికినదల్లా చదివాడు. ఆ వాక్యం ఒక మోటారు పత్రికలో టెక్నికల్ ఎడిటర్ రాసింది, ఆ సంగతి యాడ్ లోపల చెప్పాడు కూడా. "నిశ్శబ్దానికి నిర్వచనం" అని రాయడానికి రెండు నిమిషాలు చాలు. గడియారం టిక్ టిక్ దొరకాలంటే మూడు వారాలు చదవాలి. అందుకే యాడ్ ఏజెన్సీ వాళ్లు మీ గోడౌన్ చూడకుండా, మీ డ్రైవర్లతో మాట్లాడకుండా మూడో రోజుకే ఐడియా పట్టుకొస్తే కొంచెం అనుమానించండి.

నమ్మకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంతా గొప్పే అని చెప్పుకునేవాణ్ని ఎవరూ నమ్మరు. ఫోక్స్‌వ్యాగన్ కోసం డోయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ 1960లో వేసిన యాడ్‌లో కారు బొమ్మ కింద "లెమన్" అని ఒక్క మాటే హెడ్‌లైన్. అమెరికా వాడుకలో లెమన్ అంటే డొక్కు బండి. సొంత కారుని డొక్కు అన్నాడేమిటా అని కింద చదివితే, గ్లవ్ బాక్స్ మీద క్రోమ్ పట్టీకి మచ్చ ఉందని ఇన్‌స్పెక్టర్ ఆ బండిని వెనక్కి పంపేశాడని, వుల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో 3,389 మందికి తనిఖీ చేయడమే పని అని ఉంటుంది. ఆ లెక్కలో "3,000 మందికి పైగా" అని రాయకుండా చివరి తొమ్మిది దాకా రాశాడు చూశారా. ఎవరో నిజంగా తలలు లెక్కపెట్టినట్టు ఉంటుంది. నమ్మకం అక్కడ పుడుతుంది.

ఇక అబద్ధం. ఇది కాస్త పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ వ్యాపారాలు దెబ్బతినేది ఇక్కడే.

1990లో వోల్వో అమెరికాలో ఒక యాడ్ వేసింది. వరసగా నిలబెట్టిన కార్ల మీద నుంచి భారీ చక్రాల మాన్‌స్టర్ ట్రక్ ఎక్కి వెళ్తుంది. మిగతావన్నీ అప్పడాల్లా అణిగిపోతే వోల్వో ఒక్కటి నిలబడుతుంది. అద్భుతమైన యాడ్. పేరు మార్చి చూసే పరీక్షలో కూడా నెగ్గుతుంది. తీరా తేలిందేమిటంటే షూటింగ్ కోసం వోల్వో లోపల ఉక్కు, చెక్క దూలాలు బిగించారు, పక్క కార్ల పైకప్పు స్తంభాలు కోసి బలహీనం చేశారు. టెక్సస్ రాష్ట్రం కేసు వేసింది. కంపెనీ యాడ్ వెనక్కి తీసుకుని, తప్పు ఒప్పుకుంటూ పేపర్లలో ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, వ్యాపారాల్లో మోసాల్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దగ్గర కంపెనీ, యాడ్ చేసిన ఏజెన్సీ చెరో 1,50,000 డాలర్లు కట్టాయి. నన్ను ఎప్పుడూ బాధపెట్టేది ఏంటంటే, వోల్వోకి గట్టి బండి అన్న పేరు అప్పటికే ఉంది. ఆ దూలాలు లేకుండానే చెప్పుకోడానికి బోలెడుంది. ఉన్న నిజాన్ని అతిశయంతో చెడగొట్టుకున్నారు.

అంతకంటే వందేళ్ల ముందు ఇంగ్లండ్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ అని ఒక మందు బంతి అమ్మేవాళ్లు. అందులోని పొడి ముక్కుతో పీల్చాలి. చెప్పినట్టు రెండు వారాలు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తాం, మా చిత్తశుద్ధికి గుర్తుగా 1,000 పౌండ్లు బ్యాంకులో వేశాం అని 1891లో యాడ్ ఇచ్చారు. లూయీసా కార్లిల్ అనే ఆవిడ వాడింది, ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది, డబ్బడిగింది. అదంతా ఊరికే యాడ్‌లో చెప్పే గొప్ప అండీ అని కంపెనీ కోర్టులో వాదించింది. బ్యాంకులో 1,000 వేశామని చెప్పినవాడు ఊరికే అన్నాడని ఎలా అనుకోవాలి అని కోర్టు డబ్బు కట్టించింది. లా చదివేవాళ్లకి ఇప్పటికీ ఈ కేసు పాఠం. యాడ్ రాసేవాళ్లకి కూడా అయ్యుండాల్సింది. "ప్రపంచంలోకెల్లా హాయైన కుర్చీ" అంటే ఎవరూ కొలవలేరు, నవ్వుకుని వదిలేస్తారు. అంకె వేసి మాటిచ్చారంటే ఆ మాటకి మీరు కట్టుబడినట్టే.

నా సొంత అనుభవం ఇంకా చిన్నది, కానీ నేనూ బాధ్యుణ్నే. ఇంటి సామగ్రి రిపేరు చేసే ఒక సంస్థకి "24 గంటల్లో మీ ఇంటికి" అని రాశాను. సంక్షిప్తంగా, గట్టిగా ఉందని మురిసిపోయాను. వాళ్లకి ఎంతమంది మెకానిక్‌లు ఉన్నారని అడగలేదు. మొదటి వారం ఫోన్లు మోగిపోయాయి. రెండో వారం నుంచి అదే నంబరుకి తిట్లు. నాలుగు రోజులైనా మనిషి రాలేదని జనం మా యాడ్‌నే ఫొటో తీసి, దాని మీద ఎర్ర గీత కొట్టి పోస్ట్ చేశారు. యాడ్ లేకపోయి ఉంటే ఆ సంస్థ నెమ్మదిగా నడిచేది. బాగా పనిచేసిన యాడ్ దాన్ని త్వరగా ముంచింది. ఇప్పుడు ఏ క్లయింట్ వచ్చినా హెడ్‌లైన్ రాయకముందు అడుగుతాను: రేపు ఫోన్లు మూడింతలైతే ఎత్తేది ఎవరు?

మిమ్మల్ని కూడా అదే అడుగుతున్నాను. ఒకే మనిషి ఫోన్ ఎత్తుతాడన్నారు. ఆయన నిద్రపోయేటప్పుడో? జ్వరమొస్తేనో?

ఫోన్లు రాకపోవడం ఒక్కటే చూసి యాడ్‌ని చెడ్డదనడం కూడా తప్పే. మీ పార్ట్‌నర్ పక్షాన ఈ ఒక్క మాట చెప్పాలి. కొన్ని యాడ్‌లు ఇవాళ ఫోన్ మోగించడానికి, కొన్ని ఎప్పుడో అవసరం పడినప్పుడు పేరు గుర్తుండడానికి. ఇల్లు మారడం కొన్నేళ్లకోసారి జరిగే పని కాబట్టి రెండో రకం మీకూ పనికొస్తుంది. కానీ దానికి పేరు గుర్తుండాలి కదా, మీ వీడియోలో పోయింది అదే. ఇంకో తిరకాసు, రెండు యాడ్‌లూ ఒకే చోట, ఒకే కాలంలో వేశారా? ఒకటి పిల్లల పరీక్షల రోజుల్లో, రెండోది అందరూ ఇళ్లు మారే సెలవుల్లో వేసి పోల్చితే లాభం లేదు. పాతకాలంలో పోస్టులో వ్యాపారం చేసేవాళ్లు దీనికో మంచి ఉపాయం వాడేవాళ్లు. ఒక్కో పత్రికలో యాడ్ కింద కూపన్ పెట్టి, అడ్రసులో ఒక్కో దానికి ఒక్కో డిపార్ట్‌మెంట్ నంబరు వేసేవాళ్లు. ఆ డిపార్ట్‌మెంట్లు నిజంగా ఉండవు, ఉత్తరాలు వేరుచేసి లెక్కపెట్టుకోడానికే. మీరు రెండు వేర్వేరు ఫోన్ నంబర్లు పెట్టి, వారం ఒకటి చొప్పున ఒకే చోట మార్చి మార్చి వేస్తే చాలు. ఫోన్లు ఒక్కటే లెక్కపెట్టకండి, వాటిలో ఎన్ని బుకింగ్‌లయ్యాయో కూడా రాసుకోండి. ఊరికే రేటు కనుక్కునేవాళ్లని ఎక్కువగా తెచ్చే యాడ్‌లుంటాయి.

చిన్నా చితకా విషయాలు గబగబా చెప్పేస్తాను. హోర్డింగ్ వేస్తే డిజైన్‌ని విజిటింగ్ కార్డు సైజులో ప్రింట్ తీసి చెయ్యి చాపి పట్టుకు చూడండి, అప్పుడు చదవలేనిది రోడ్డు మీద ఎవరూ చదవరు. ఫోన్‌లో చూసే వీడియోకి మొదటి రెండు క్షణాలే ప్రాణం, పైగా చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు, కాబట్టి మీ సన్నని సంగీతం వాళ్లకి లేనట్టే. యాడ్‌లో ఒకే సంగతి ఉండాలి. పార్ట్‌నర్ ఒక లైను, బావమరిది ఒక లైను, అకౌంటెంట్ ఒక లైను చేరిస్తే అది రేషన్ లిస్టు అవుతుంది. సినిమా వాళ్లని పెట్టుకోవాలా అంటే, జనం వాళ్లని గుర్తుపెట్టుకుని మిమ్మల్ని మర్చిపోతారు. డబ్బు బాగా ఉండి ఏళ్ల తరబడి ఒకే ముఖం వాడగలిగితే వేరే సంగతి. ఇంకొకటి, మీ యాడ్ మీకు విసుగొచ్చేసరికి జనం దాన్ని అప్పుడప్పుడే గమనించడం మొదలుపెడతారు. పనిచేస్తున్నదాన్ని మార్చకండి.

పాప వీడియోని పారేయమని మాత్రం చెప్పను. ఆ గోడ మీది గీతలు చాలా మంచి గమనింపు. అందులో లోటు ఒక్కటే, ఆ కథలో మీరు లేరు. పాప బాధపడుతుంటే మీ కంపెనీ ఏం చేసింది? ఏమీ చేయలేదు, చివర్లో వచ్చి లోగో చూపించింది. ఇలా మార్చి చూడండి. మీ యూనిఫాం వేసుకున్న ప్యాకింగ్ కుర్రాడు లోపలికొస్తాడు, పాపని చూస్తాడు. పెట్టెలకి చుట్టే గోధుమరంగు కాగితం ఒక పొడవాటి ముక్క చింపి గోడకి టేపు వేస్తాడు. అడుగు నేలకి ఆనించి, గీతలున్న చోటల్లా పెన్సిల్‌తో గుర్తులు, తేదీలు దింపుకుంటాడు. చుట్టచుట్టి మీ పేరున్న టేపుతో అంటించి పాప చేతికిస్తాడు. కొత్త ఇంట్లో అది గోడకెక్కుతుంది. మీ పేరు ఈసారి కథ మధ్యలోనే, ఆ టేపు మీదే కనబడుతుంది. ఇప్పుడు పెయింట్ కంపెనీ పేరు పెట్టి చూడండి, అతకదు.

కానీ ఇది వేసిన మర్నాటి నుంచి పిల్లలున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు "మా గోడ మీద గీతలున్నాయి" అంటారు. కుర్రాడు తెల్లమొహం వేస్తే మళ్లీ నా 24 గంటల కథే. కాబట్టి షూటింగ్‌కి ముందు మీ కుర్రాళ్లందరికీ అది చేయడం నేర్పండి. మీరు ఇంటికెళ్లినప్పుడు సామాన్ల లిస్టు రాసుకునే ఫారం ఉంటుంది కదా, మంచాలు ఎన్ని, బీరువాలు ఎన్ని అని, అందులో "గోడ గీతలు" అని ఒక గడి కూడా ప్రింట్ చేయించండి.